సేవింగ్స్ ఖాతా వడ్డీ రేటు మారినప్పుడు ఏం చూసుకోవాలి, ఏం చేయాలి

విశాఖ కూర్మన్నపాలెంలో ఉండే మా పెదనాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో పద్నాలుగు లక్షలు 2024లో తొమ్మిది నెలల పాటు సేవింగ్స్ ఖాతాలోనే ఉండిపోయాయి. "ఎక్కడికి పోతాయిరా, బ్యాంకులోనే ఉన్నాయి కదా" అనేవారు. నిజమే, ఎక్కడికీ పోలేదు. కానీ 2.70 శాతం లెక్కన వాటి మీద వచ్చిన వడ్డీ 28 వేల పైచిలుకు మాత్రమే. అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) వేసుంటే సీనియర్ సిటిజన్‌కి అప్పట్లో ఏడు శాతం దగ్గర వచ్చేది. అంటే 73 వేల పైన. ఒక్క ఫారం మీద సంతకం పెట్టకపోవడం వల్ల పోయింది 45 వేలు. ఆయన పెన్షన్ లేని మనిషి. ఆ 45 వేలు ఆయనకి కొన్ని నెలల మందులు, కరెంటు బిల్లులు.

ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అప్పటి నుంచి మా ఇళ్లలో అందరి పాస్‌బుక్‌లూ మూడు నెలలకోసారి నేనే చూస్తున్నాను. ఎలా చూస్తున్నానో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాలకు కూడా ఇలాగే చూడండి.

సేవింగ్స్ వడ్డీకి గ్యారంటీ లేదు

ఎఫ్‌డీ వేసినప్పుడు బ్యాంకు ఒక రసీదు ఇస్తుంది. అందులో రేటు, గడువు రాసి ఉంటాయి. ఆ గడువు దాకా బ్యాంకు ఆ రేటు మార్చడానికి లేదు. సేవింగ్స్ ఖాతాకి అలాంటి రసీదు ఏదీ ఉండదు. బోర్డు ఆమోదించిన విధానం ప్రకారం బ్యాంకు ఎప్పుడైనా రేటు తగ్గించవచ్చు, పెంచవచ్చు. కొత్త రేటును అమలుకు ముందే అందరికీ తెలిసేలా ప్రకటించాలి. అంతేగానీ మీ ఇంటికి ఉత్తరం రాదు.

మొదటి నుంచీ ఇలా లేదు. 2011 అక్టోబరు 25 వరకు సేవింగ్స్ వడ్డీని రిజర్వ్ బ్యాంకే నిర్ణయించేది. 2003 నుంచి 3.5 శాతం, 2011 మే 3 నుంచి 4 శాతం. గాజువాకలో అయినా గుంటూరులో అయినా ఏ బ్యాంకులో అయినా అదే. ఆ అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఈ నిర్ణయాన్ని బ్యాంకులకే వదిలేసింది. పెట్టిన షరతులు రెండు. లక్ష రూపాయల లోపు నిల్వ ఉన్న ఖాతాదారులందరికీ ఒకే బ్యాంకులో ఒకే రేటు ఉండాలి. లక్ష దాటిన మొత్తానికి వేరే రేటు ఇవ్వవచ్చు, కానీ ఒకే మొత్తం ఉన్న ఇద్దరి మధ్య తేడా చూపకూడదు.

అందుకే మేనేజర్ గారిని బతిమాలినా సేవింగ్స్ మీద పావలా కూడా పెరగదు. ద్వారకానగర్ బ్రాంచిలో ఒక రేటు, ఎంవీపీ కాలనీ బ్రాంచిలో ఒక రేటు ఉండవు. వయసు అరవై దాటితే ఇచ్చే అదనపు వడ్డీ కూడా ఎఫ్‌డీలకే. సేవింగ్స్‌లో ఎక్కువ రేటు ఇవ్వడానికి అనుమతి ఉన్నది ఆ బ్యాంకులో పనిచేసేవాళ్లకీ, అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లకీ.

ఈ రోజు మీ రేటు ఎంతో కనుక్కోండి

పాస్‌బుక్‌లో వడ్డీ పడిన మొత్తం ఉంటుంది గానీ రేటు మామూలుగా ఉండదు. బ్యాంకు వెబ్‌సైట్‌లో వడ్డీ రేట్ల పేజీ తెరిచి సేవింగ్స్ అన్న వరుస చూడండి. ఎఫ్‌డీ రేట్లే పైన పెద్దగా కనిపిస్తాయి, ఇది కింద ఎక్కడో ఉంటుంది. ఓపిగ్గా వెతకండి. ఫోన్ అలవాటు లేకపోతే బ్రాంచిలో నోటీసు బోర్డు చూడండి, లేదా కౌంటర్‌లో "సేవింగ్స్ రేటు ఎంత, ఎప్పటి నుంచి?" అని అడగండి. ఆ రెండో సగం మర్చిపోవద్దు. ఏ తేదీ నుంచి అమలైందో తెలియకపోతే లెక్క సరిచూసుకోలేరు. రెండూ పాస్‌బుక్ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. "మీ వడ్డీ రేటు మారింది, కేవైసీ అప్‌డేట్ చేయండి" అంటూ లింకుతో మెసేజ్ వస్తే దాన్ని తాకకండి. రేటు మారడానికి మీ ఓటీపీతో పనే లేదు. మన బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకి మారాయి. చివర అది ఉందో లేదో చూసుకుని తెరవండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రేటు తెలిశాక దాన్ని మనం ఇళ్లలో మాట్లాడుకునే భాషలోకి మార్చి చూడండి. మనకి వడ్డీ అంటే నూటికి నెలకి ఎంత అని. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. ఆ లెక్కలో ఏడాదికి 2.50 శాతం అంటే దాదాపు ఇరవై ఒక్క పైసల వడ్డీ. మా పెద్దమ్మకి శాతాల్లో చెబితే తలూపి ఊరుకునేది. "ఇరవై పైసల వడ్డీకి పద్నాలుగు లక్షలు ఇచ్చాం పెద్దమ్మా" అంటే లేచి కూర్చుంది.

వచ్చిన వడ్డీ సరిగ్గా ఉందో లేదో లెక్క కట్టండి

ఈ పని చాలామంది చేయరు. ఒకసారి చేస్తే బ్యాంకు లెక్క ఎలా నడుస్తుందో బాగా అర్థమవుతుంది, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

బ్యాంకు ప్రతి రోజూ లావాదేవీలన్నీ అయిపోయాక మీ ఖాతాలో మిగిలిన మొత్తాన్ని చూస్తుంది. ఆ మొత్తాన్ని ఆ రోజు అమల్లో ఉన్న రేటుతో గుణించి 36,500తో భాగిస్తే ఆ ఒక్క రోజు వడ్డీ వస్తుంది. ఇలా రోజురోజుదీ కూడుతూ పోయి మూడు నెలలకోసారి ఖాతాలో వేస్తారు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల చివరి వారంలోనో ఆఖరి రోజునో ఆ ఎంట్రీ కనిపిస్తుంది. కొన్ని ప్రైవేటు బ్యాంకులు నెలనెలా వేస్తాయి.

త్రైమాసికం మధ్యలో రేటు మారితే పాత రోజులకి పాత రేటు, కొత్త రోజులకి కొత్త రేటు. దీనికి నిజంగా జరిగిన ఉదాహరణే ఉంది. స్టేట్ బ్యాంక్ 2025 జూన్ 15 నుంచి సేవింగ్స్ వడ్డీని 2.70 శాతం నుంచి 2.50 శాతానికి తగ్గించింది. మీ ఖాతాలో ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 దాకా కదలకుండా రెండు లక్షలు ఉన్నాయనుకుందాం. మొత్తం 91 రోజులు. జూన్ 14 వరకు 75 రోజులు, ఒక్కో రోజుకి 14 రూపాయల 79 పైసల చొప్పున దాదాపు 1,110 రూపాయలు. మిగిలిన 16 రోజులకి, రోజుకి 13 రూపాయల 70 పైసల చొప్పున 219 రూపాయలు. మొత్తం 1,329. రేటు మారకపోతే 1,346 వచ్చేది. ఆ మూడు నెలల్లో తేడా 17 రూపాయలే, అందుకే ఎవరి కంటికీ కనబడదు. ఏడాది మొత్తానికి అదే 400 రూపాయలు. పద్నాలుగు లక్షలకైతే 2,800.

రోజువారీ లెక్క 2010 ఏప్రిల్ 1 నుంచే వచ్చింది. అంతకుముందు ప్రతి నెలా పదో తేదీ నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ ఇచ్చేవారు. మన పెద్దవాళ్లు "పదో తారీఖు లోపు వెయ్యాలి, నెల దాటాకే తియ్యాలి" అంటారే, అది ఆ రోజుల మాట. బ్యాంకుల్లో దాని అవసరం ఇప్పుడు లేదు. కానీ పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. అక్కడ రేటు 2011 డిసెంబరు నుంచి 4 శాతం దగ్గరే నిలబడింది, అది బ్యాంకు కంటే మేలు. అయితే మూడు లక్షలు పదో తేదీన వేసి నెలాఖరు దాకా ఉంచితే ఆ నెలకి వెయ్యి రూపాయలు వస్తాయి, అదే డబ్బు పదకొండున వేస్తే ఆ నెలకి దాని మీద ఏమీ రాదు. వడ్డీ కూడా ఆర్థిక సంవత్సరం చివర ఒకేసారి వేస్తారు.

ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లు ఉన్నవాళ్లకి ఈ తేడా బాగా పనికొస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల ఇంటి ఖర్చుకి, వల బాగుచేయించడానికి, బోటు రిపేరుకి ముందే కొంత సొమ్ము దాచుకుంటారు. వారం వారం తీసుకునే డబ్బయితే రోజు లెక్కన వడ్డీ వేసే బ్యాంకులో ఉంచండి. జూన్ దాకా ముట్టుకోనిది అయితే ఏప్రిల్ పదో తేదీ లోపు పోస్టాఫీసులో వేయండి.

రేటు ఎప్పుడు మారొచ్చో ముందే పసిగట్టండి

రిజర్వ్ బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ ఇంచుమించు రెండు నెలలకోసారి కూర్చుని రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, ప్రకటిస్తుంది. ఆ మర్నాడు పేపర్లలో ఇంటి రుణాల ఈఎంఐ గురించే రాస్తారు. మీరు మీ సేవింగ్స్ గురించి కూడా ఆలోచించండి.

2019 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణాలను రెపో లాంటి బయటి ప్రమాణానికి ముడివేయడం బ్యాంకులకి తప్పనిసరి అయింది. రెపో తగ్గితే మూడు నెలల్లోపు ఆ రుణాల వడ్డీ తగ్గించాల్సిందే. అంటే బ్యాంకుకి వచ్చే ఆదాయం తగ్గుతుంది. వేసి ఉన్న ఎఫ్‌డీల వడ్డీని గడువు దాకా తగ్గించడానికి లేదు. ఇక వెంటనే చెయ్యి పెట్టగలిగేది సేవింగ్స్ మీదే. అందుకే కోత ఇక్కడా పడుతుంది.

రెపో పెరిగినప్పుడు మాత్రం ఇంత వేగం కనిపించదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో 4 శాతం నుంచి 6.50 శాతానికి పెరిగింది. ఇంటి రుణాలు భారమయ్యాయి, ఎఫ్‌డీ రేట్లూ పెరిగాయి. స్టేట్ బ్యాంక్ మామూలు సేవింగ్స్ రేటు మాత్రం 2020 మేలో తెచ్చిన 2.70 దగ్గరే ఉంది. తర్వాత 2025లో రెపో 6.50 నుంచి అంచెలంచెలుగా 5.25కి దిగింది, సేవింగ్స్ కూడా 2.50కి దిగింది. చట్టప్రకారం ఇందులో తప్పు లేదు. కానీ ఏళ్ల తరబడి పొదుపు చేసుకున్న మనిషికి ఇది న్యాయం అనిపించదు, నాకూ అనిపించదు. బ్యాంకు తనంతట తాను పెంచుతుందని కూర్చోకండి, డబ్బును మీరే కదిలించుకోవాలి.

రెపో పెరిగిందని విన్నప్పుడు ఎఫ్‌డీ రేట్లు చూడండి. తగ్గిందని విన్నప్పుడు మిగులు డబ్బు ఉంటే అదే వారం ఎఫ్‌డీ వేసుకోండి. పాత రేట్లు కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఉంటాయి. వేసినవారికి ఆ రేటు గడువు దాకా ఖాయం.

సేవింగ్స్‌లో ఎంత ఉంచాలో తేల్చుకోండి

నా లెక్క ఇది. రెండు నెలల ఇంటి ఖర్చు, ఆ మూడు నెలల్లో కట్టాల్సిన ఫీజులు, ప్రీమియాలు, పెద్దవాళ్లుంటే ఆసుపత్రికి అడ్వాన్సు కట్టగలిగినంత. ఇంతవరకు సేవింగ్స్‌లో ఉండాలి. అర్ధరాత్రి కేజీహెచ్‌కో ప్రైవేటు ఆసుపత్రికో పరిగెత్తాల్సి వస్తే వడ్డీ ఎంత అని ఎవరూ చూడరు, డబ్బు చేతికి రావడమే ముఖ్యం. ఆ మొత్తానికి తక్కువ వడ్డీ వచ్చినా నేను బాధపడను.

మిగిలినదానికి తేలికైన దారి ఆటో స్వీప్. స్టేట్ బ్యాంకులో ఎమ్ఓడీ అంటారు, మిగతా బ్యాంకుల్లో పేర్లు వేరు. మీరు పెట్టిన హద్దు దాటిన డబ్బు దానంతటదే డిపాజిట్‌గా మారుతుంది. ఖాతాలో డబ్బు చాలకపోతే కావాల్సినంత మేరకే విరిగి వెనక్కి వస్తుంది, మిగతాది పాత రేటుతోనే నడుస్తుంది. పెదనాన్నకి చివరికి ఇదే పెట్టించాం. పెట్టించేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంత దాటితే స్వీప్ అవుతుంది? ఎన్ని రోజుల గడువుతో వేస్తారు? మధ్యలో విరిగిన భాగానికి ఎంత కోత? విరిచేటప్పుడు కొత్త డిపాజిట్‌ని ముందు విరుస్తారా, పాతదాన్నా? కొత్తదాన్ని ముందు విరిస్తే మీకు మంచిది, ఎందుకంటే చాలా రోజులు నడిచిన పాత డిపాజిట్ చెడదు. గడువు మరీ తక్కువగా పెడితే రేటు కూడా తక్కువే వస్తుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి.

వేరే బ్యాంకు ఎక్కువ ఇస్తానంటే

ప్రకటనలో కనిపించే పెద్ద అంకె ఏ స్లాబుకో ముందు చూడండి. ఒక బ్యాంకు లక్ష వరకు 3 శాతం, లక్ష దాటి ఐదు లక్షల వరకు 5 శాతం ఇస్తోందనుకోండి. మీ దగ్గర నాలుగు లక్షలున్నాయి. కొన్ని బ్యాంకులు ఆయా భాగానికి ఆయా రేటు వేస్తాయి. మొదటి లక్షకి 3,000, మిగతా మూడు లక్షలకి 15,000, మొత్తం 18,000. కొన్ని మొత్తం నాలుగు లక్షలకీ 5 శాతం ఇస్తాయి, అప్పుడు 20,000. పట్టిక చూడటానికి రెండుచోట్లా ఒకేలా ఉంటుంది. అడగకపోతే తెలియదు.

తర్వాత కనీస నిల్వ, అది తగ్గితే వేసే జరిమానా. స్టేట్ బ్యాంక్ 2020లోనే ఈ జరిమానా ఎత్తేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్ లాంటి ప్రభుత్వ బ్యాంకులు మరికొన్ని అదే బాట పట్టాయి. ప్రైవేటు బ్యాంకుల్లో ఇది ఇంకా ఉంది. ఏడాదికి వెయ్యి రూపాయల అదనపు వడ్డీ కోసం వెళ్లి, నిల్వ తగ్గిందని ఆ వెయ్యీ జరిమానా కట్టడం ఎందుకు? పైగా ఆ బ్యాంకు రేటూ రేపు తగ్గవచ్చు. అది కూడా సేవింగ్స్ ఖాతానే కదా.

ఒక బ్యాంకులో మీ పేరున ఉన్న డిపాజిట్లన్నీ అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల వరకే బీమా. 2020 ఫిబ్రవరి 4కి ముందు అది లక్షే. సేవింగ్స్, ఎఫ్‌డీ వేర్వేరుగా లెక్కకు రావు, అన్ని బ్రాంచిలూ కలిపే ఐదు లక్షలు. చిన్న బ్యాంకులోనో కోఆపరేటివ్ బ్యాంకులోనో ఎక్కువ వడ్డీ కోసం వేస్తే ఈ హద్దు దాటకండి.

పన్ను విషయం క్లుప్తంగా. సేవింగ్స్ వడ్డీ మీద బ్యాంకు ముందుగానే పన్ను (టీడీఎస్) కోయదు, కానీ రిటర్నులో చూపించాలి. పాత పన్ను విధానంలో అరవై లోపు వాళ్లకి సేవింగ్స్ వడ్డీలో 10,000 వరకు మినహాయింపు ఉంది, అరవై దాటినవాళ్లకి సేవింగ్స్, ఎఫ్‌డీ వడ్డీలు కలిపి 50,000. కొత్త విధానంలో ఈ మినహాయింపులు లేవు. స్వీప్‌లోకి వెళ్లిన డబ్బు మీద వచ్చేది ఎఫ్‌డీ వడ్డీ కిందకే వస్తుంది.

లెక్క తేడా వస్తే

ఒకటి రెండు రూపాయలు అయితే రౌండింగ్ వల్ల కావచ్చు, వదిలేయండి. అంతకంటే ఎక్కువైతే ముందు మీ వైపు చూసుకోండి. చెక్కు వేసిన రోజు నుంచి కాదు, అది క్లియరై ఖాతాలో పడిన రోజు నుంచి వడ్డీ. రేటు అమలైన తేదీ సరిగ్గా రాసుకున్నారా? ఆ రోజుల్లో స్వీప్ అయిన మొత్తం తీసేశారా?

అయినా తేడా ఉంటే ఆ మూడు నెలల స్టేట్‌మెంట్ తీసుకుని, మీ లెక్క ఒక కాగితం మీద రాసి, బ్రాంచిలో ఫిర్యాదు ఇవ్వండి. నోటిమాటతో సరిపెట్టుకుని రాకండి. ఫిర్యాదు నంబరైనా, స్టాంపు వేసిన కాపీ అయినా తీసుకోండి. ఒకసారి మా అమ్మ ఖాతాకి రెండేళ్లుగా లావాదేవీలు లేవని నిద్రాణ ఖాతాగా మార్చారు. వడ్డీ ఎంట్రీ లేదేమని అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన "ఇలాంటి ఖాతాకి వడ్డీ రాదండీ" అన్నారు. అది తప్పు. ఖాతా వాడకంలో ఉన్నా లేకున్నా సేవింగ్స్ వడ్డీ క్రమంగా వేయాల్సిందే అని రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చాక కేవైసీ తీసుకుని ఖాతా తెరిచారు, ఆగిపోయిన వడ్డీ కూడా వేశారు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సరిగా అనిపించకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చేమీ ఉండదు, లాయరు అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో వేయవచ్చు. ఎలా వేయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి. ఫోన్ చేసేముందు బ్రాంచి స్టాంపు వేసిన ఆ కాపీ, స్టేట్‌మెంట్ చేతిలో పెట్టుకోండి, బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చిన తేదీనే ముందు అడుగుతారు.